కారణాల కాగితం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ ఏడాది కారణాల కాగితాలు ఇవాళ పన్నెండో తరగతికి పంచాను. అరవై రెండు. అందులో ఒకటి మా ఇంటికి వచ్చేదే. అయినా క్లాసులో, వరుసలో, అందరితో పాటే ఇచ్చాను. చేయి చాపి తీసుకుని "థాంక్యూ టీచర్" అంది. ఆరో తరగతిలో మా బడిలో చేరినప్పుడు తల్లీకూతుళ్ళం చేసుకున్న ఒప్పందం అది. గేటు లోపల టీచర్, గేటు బయట అమ్మ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఒక్కసారైనా నోరు జారి ఉంటే బాగుండేదని ఇవాళ అనిపించింది.

ఏటా చెప్పేదే చెప్పాను. మూడు కాలేజీలు రాయండి, మీకు కావలసిన వరుసలో. ఒక్కోదానికీ ఒక్క వాక్యంలో కారణం. ఆ వాక్యంలో ఇంకో మనిషి ఉండకూడదు. స్నేహితులు, అమ్మానాన్నలు, అన్నయ్యలు, ఎవరూ. మనిషి కనిపిస్తే కాగితం వెనక్కి వస్తుంది. నా సంతకం పడితేనే దరఖాస్తు ఆఫీసు నుంచి కదులుతుంది. ఇరవై ఒకటో తేదీ సాయంత్రం నాలుగు ఆఖరు.

"దేవుడు ఉండొచ్చా టీచర్?" అని వెనక బెంచీ.

"దేవుడికి సీటు అక్కర్లేదు. కూర్చో" అన్నాను.

ఇంకా చెప్పాను. కాలేజీ పుస్తకంలో పచ్చగడ్డి ఫొటో చూసి మోసపోవద్దని. ఆ గడ్డి మీద ఎవర్నీ కూర్చోనివ్వరని. వెళ్ళి చూడాలనుకుంటే మామూలు మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి, పిల్లలు ఎలా ఆవలిస్తున్నారో చూడమని. అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఏమైనా చెప్తారు, మధ్యలో మానేసినవాళ్ళను ఒకరిని వెతికి పట్టుకోమని. అందరూ రాసుకున్నారు. మా అమ్మాయి కూడా రాసుకుంది. ఇంట్లో నేను చెప్పినదేదీ అది రాసుకోగా చూడలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

సాయంత్రం కాలేజీ గదికి, అంటే నేను కాలేజీల గురించి సలహాలిచ్చే గదికి, జడల పిల్ల వచ్చింది. రెండు జడలు, రెండింటికీ వేరు వేరు రంగుల రిబ్బన్లు. ఆ గది ఒకప్పుడు పటాలు చుట్టి పెట్టే గది. ఇప్పటికీ వాన పడితే పాత గుడ్డ వాసన వేస్తుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కాలేజీల పుస్తకాలున్న అర, నేను.

"మేమిద్దరం ఎల్‌కేజీ నుంచీ కలిసే టీచర్. అది ఎక్కడ చేరితే నేనూ అక్కడే" అంది, తన స్నేహితురాలి గురించి.

"ఆ పిల్ల రెండో నెలలో మానేసి వెళ్ళిపోతే?"

"మానదు టీచర్. దానికి అంత తెలివి లేదు."

నవ్వొచ్చింది. నవ్వకుండా నా కథ చెప్పాను. ఏటా ఒకరిద్దరికి చెప్తాను, అవసరాన్ని బట్టి. నాకూ మీ వయసులో దూరపు కాలేజీలో సీటొచ్చింది, రైల్లో అయిదు గంటలు, అమ్మకు ఒంట్లో బాగోలేదని ఆగిపోయి దగ్గర్లో చేరాను, మనుషుల్ని చూసుకుని కాలేజీ ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది అని.

"తర్వాత మీ అమ్మగారికి నయమైందా టీచర్?"

"అయింది."

"ఎప్పుడు?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు ఆ ప్రశ్న. "కొన్నాళ్ళకి" అన్నాను. నాకు గుర్తున్నంతవరకు ఆ వారంలోనే లేచి తిరిగింది.

ఫిబ్రవరి 6, గురువారం

అమ్మాయి కాగితం ఇంకా ఇవ్వలేదు. అడగలేదు. మిగతావాళ్ళను అడిగానా? ముగ్గురిని అడిగాను.

ఫిబ్రవరి 8, శనివారం

మా వంటింటి కిటికీ గట్టు మీద నాలుగు గిన్నెలు. తడిగుడ్డ మీద విత్తనాలు పరిచి, పైన ఇంకో తడిగుడ్డ. చెల్లి నేర్పిన ఆట ఇది. చెల్లి నాకు సీటొచ్చిన ఆ దూరపు కాలేజీ ఊళ్ళోనే విత్తనాల పరీక్షాకేంద్రంలో పని చేస్తుంది. నూరు గింజలు నానబెట్టి ఎన్ని మొలిచాయో చూసి రాయడం దాని ఉద్యోగం. దానికి జీతమిస్తారు.

ఇవాళ పొద్దున నేను కూర తరుగుతుంటే అమ్మాయి ఫోన్ చెవికి ఆనించుకుని గుడ్డ ఎత్తి చూస్తోంది.

"పిన్నీ, నూటికి ఎనభై ఒకటి. కాదు, ఎనభై రెండు. ఒకటి సిగ్గుపడుతోంది."

అటువైపు చెల్లి ఏదో అంది. ఇది పగలబడి నవ్వింది. సిగ్గుపడే గింజ గురించి నాతో అని ఉంటే నేనేమనేదాన్నో తెలుసు. ఆ గట్టు మీద నీళ్ళు కారుతున్నాయి తుడువు అనేదాన్ని. నిజానికి అదే అన్నాను, ఫోన్ పెట్టేశాక.

తుడిచింది. తుడుస్తూ, "మంగళవారం బడికి రాను అమ్మా. మేం వెళ్ళి ఆ కాలేజీ చూసొస్తాం" అంది.

"మేం అంటే?"

"నేనూ పిన్నీ."

"మంగళవారమే ఎందుకు?"

"నువ్వే చెప్పావుగా. మామూలు మంగళవారం, మూడింటికి, ఆవలింతలు."

నా మాటతోనే నా నోరు మూయించింది. అయినా నేను దిగమింగలేకపోయింది ఆ ఏర్పాటును కాదు, ఆ ఒక్క మాటను. మనం వెళ్దామా అనవచ్చు. మేం వెళ్తాం అంది. ఏడో తరగతికి ఏటా చెప్తాను: మనం అంటే వినేవాళ్ళు లోపల, మేము అంటే వినేవాళ్ళు బయట. బోర్డు దగ్గర నిలబడి, గీత గీసి మరీ చూపిస్తాను. నా వంటింట్లో నేను గీతకు బయట కూరగాయల కత్తి పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం మా ఆయన కళ్ళద్దాల షాపు కట్టేసి వచ్చాక చెప్పాను. "వెళ్ళనీ. నీకేం నష్టం?" అన్నారు. తర్వాత నేను మందు సీసా మీది అక్షరాలు చేయి చాపి చదువుతుంటే చూసి, "చేయి ఇంకా పొడుగైతే బాగుండు కదూ. చత్వారం వచ్చిందోయ్ నీకు. షాపుకి రా, చూస్తాను" అన్నారు.

నాకేం లేదు, వెలుతురు చాలడం లేదంతే.

ఫిబ్రవరి 11, మంగళవారం

మధ్యాహ్నం మూడు. వాళ్ళు ఆవలింతలు చూస్తుంటారు.

మూడూ ఇరవై. వాళ్ళు టీ తాగుతుంటారు.

నాలుగు. ఏడో తరగతి చేత చూచిరాత రాయించాను. బోర్డు మీద నా దస్తూరి పక్కకు ఒరిగిపోయింది. ఒక పిల్ల "టీచర్, లైను పడిపోతోంది" అంది.

ఫిబ్రవరి 12, బుధవారం

వచ్చింది.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"బాగుందంటే?"

"అంటే బాగుంది." చెప్పులు విప్పి, "లైబ్రరీలో కిటికీలు నేల దాకా ఉన్నాయి. కింద కూర్చుని చదువుకుంటున్నారు" అంది.

నాకు తెలుసు ఆ కిటికీలు. సీటొచ్చినప్పుడు వాళ్ళు పంపిన పుస్తకంలో నాలుగో పేజీలో ఉండేవి. తర్వాత కళ్ళారా కూడా చూశాను, చెల్లిని దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు.

ఇది రాసుకోవాలి, ఎవరికీ చెప్పను కాబట్టి. అమ్మ ఒంట్లో బాగోలేకపోవడం అసలు కారణం కాదు. చెల్లి ఏడ్చింది. నువ్వెళ్తే నాకెవరు అని నా దుప్పటి పట్టుకుని ఏడ్చింది. అప్పుడు దానికి పదహారేళ్ళు. నేను ఆగిపోయాను. రెండేళ్ళకు అదే కాలేజీకి, నా కోసం కొన్న ట్రంకు పెట్టెతోనే వెళ్ళింది. పెట్టె మూత లోపల నా పేరు నేనే సున్నపు బొట్టులాంటి తెల్లరంగుతో రాసుకున్నాను. దాని మీద కాగితం అంటించి తన పేరు రాసుకుంది. వెళ్ళేటప్పుడు ఏడవలేదు. కిటికీలోంచి చేయి ఊపింది, హాయిగా.

ఇప్పుడు నా కూతురు. అదే ఊరు, అవే కిటికీలు, ఆ మనిషే.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ మధ్యాహ్నం కట్ట మొత్తం వచ్చింది. కాలేజీ గదిలో తలుపు దగ్గరికి వేసి దిద్దాను. వరుసగా దిద్దాను. దాని కాగితం ముప్పై ఏడోది. ముప్పై ఆరు దిద్దాకే దాన్ని చూశాను. ఆ మాత్రం నిగ్రహం ఉంది నాకు.

ఒకటి, ఆ దూరపు కాలేజీ. కారణం: మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోవడానికి.

రెండు, నేను చదివిన కాలేజీ. కారణం: బస్సులో నలభై నిమిషాలు.

మూడు, ఇంకోటి. కారణం: మూడోది రాయాలి కాబట్టి.

మేమిద్దరం. అదీ, దాని పిన్నీ. అంత బాహాటంగా, నా కాగితం మీద, నా రూలు తెలిసీ. విత్తనాల గురించి ఒక్క ముక్క లేదు. వృక్షశాస్త్రం అక్కడ బాగా చెప్తారని రాసినా సంతకం పెట్టేదాన్ని. కళ్ళు మూసుకుని పెట్టేదాన్ని. పెట్టేదాన్నే అనుకుంటాను.

పెన్సిల్‌తో రాశాను: "వాక్యంలో ఇంకో మనిషి. తిరిగి రాయాలి." తిప్పి పంపే కట్టలో పెట్టాను. ఆ కట్టలో ఇంకో తొమ్మిది ఉన్నాయి. జడల పిల్లది కూడా.

అందరికీ చేసినట్టే చేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

కిటికీ గట్టు మీద గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. నేను కడగలేదు.

"విత్తనాలేవి?" అని అడిగాను.

"అయిపోయాయి" అంది.

రోజంతా ఫోన్ రాలేదు. నేను ఫోన్ వినడానికి ఏమీ కూర్చోలేదు, ఆ పక్కన బట్టలు మడతపెట్టే పనుండి కూర్చున్నాను.

అందరికీ చేసినట్టే చేశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

తిరిగి రాసిన కాగితాలు వచ్చాయి. పాత కాగితాన్ని వెనక జతచేసి ఇవ్వాలన్నది కూడా నా నియమమే.

ఒకటి, నేను చదివిన కాలేజీ. కారణం: దగ్గర.

రెండు, ఆ దూరపు కాలేజీ. కారణం: దూరం.

మూడు, ఇంకోటి. కారణం ఖాళీ.

మనిషెవరూ లేరు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా కాలేజీకే వస్తుంది. పొద్దున ఇద్దరం ఒకే బస్సు ఎక్కి, నేను మూడో స్టాపులో దిగితే అది ముందుకు వెళ్తుంది. సాయంత్రం ఇంటికొస్తుంది.

సంతోషంగానే ఉన్నాను. రాసి మళ్ళీ చదువుకున్నాను. సంతోషంగానే ఉన్నాను. ఆ "నే" ఎక్కడి నుంచి వచ్చిందో. కొట్టేస్తే పోతుంది. కొట్టేయలేదు.

సంతకం రేపు పెడదామని సొరుగులో ఉంచాను. మిగతా తొమ్మిదింటికీ ఇవాళే పెట్టేశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

భోజనాల దగ్గర ఆయన, "ఏంటి, పిల్ల నువ్వు చదివిన చోటే చదువుతుందట?" అన్నారు. అమ్మాయి అప్పటికే చేయి కడుక్కుని లేచి వెళ్ళింది. ఈ మధ్య త్వరగా తింటోంది.

"అవును."

"నీకు నచ్చిందా ఆ కాలేజీ, అప్పట్లో?"

"మంచి కాలేజీయే."

"మంచిదే. నచ్చిందా అని."

"ఎందుకు అడుగుతున్నారు?"

"ఊరికే. పెరుగు ఇటు జరుపు."

మూడేళ్ళు చదివాను అక్కడ. గుర్తు తెచ్చుకుందామంటే బస్సు గుర్తొస్తోంది. కండక్టరు గుర్తొస్తున్నాడు. మెట్ల పక్కన ఒక కుళాయి.

ఫిబ్రవరి 19, బుధవారం

సంతకం ఇవాళ కూడా పెట్టలేదు. సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది, నాకు. నెలలో ఒకసారి నాకు చేస్తుంది, నీళ్ళ బిల్లులాగా.

"అక్కా, పిల్లకి ఏమైందే? మూడు రోజుల నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు."

"నన్నడుగుతావేంటి? నీకు తెలియనివి నాకు తెలుస్తాయా?"

"అదేం మాటే?"

"మాటల సంగతి నువ్వే చెప్పాలి. మీ ఇద్దరూ మాట్లాడుకోవడానికి కాలేజీ కావలసి వచ్చింది కదా. కాగితం మీద రాసింది. చదివాను."

"ఏం రాసింది?"

చదివి వినిపించాను. చూడకుండానే వచ్చింది. మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోవడానికి.

చెల్లి వెంటనే నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వు ఆపేసింది. అది ఇంకా భరించలేకపోయాను.

"అక్కా, మేం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదే. పనికిమాలిన గింజల గురించి కూడా. మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాలి?"

చేతిలోని తువ్వాలు విప్పి ఇంకోసారి మడతపెట్టాను.

"మళ్ళీ అంటే, మధ్యలో ఆగిపోయినవాళ్ళ సంగతి కదా. నువ్వు తెలుగు చెప్తావు, నేను గింజలు లెక్కపెడతాను. నాకే అర్థమైంది."

"మరి మేమిద్దరం అని..."

"నువ్వూ అదీనే తల్లీ. ఆ రోజు కాలేజీ నుంచి స్టేషన్‌కి వచ్చేదాకా అదే చెప్పింది. మా అమ్మతో నేను మాట్లాడి రెండేళ్ళయింది పిన్నీ, ఒకే ఇంట్లో ఉంటే ఇంక కుదరదు, దూరం నుంచి అయితే కుదురుతుందేమో అని. నేనే వద్దన్నాను తెలుసా? దగ్గరది పెట్టవే, మీ అమ్మ ఒక్కతే అయిపోతుంది అన్నాను. నా మాట వినలేదు. నువ్వేం చేశావో గానీ, నీ మాట విన్నట్టుంది."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు బట్టల కుప్ప ముందు కూర్చున్నాను. నేనింకా అదే లోపల తిప్పుకుంటున్నాను. మేమిద్దరం. వినేవాళ్ళు బయట. ఆ కాగితం పైన "సలహాదారు గారికి" అని అచ్చు ఉంటుంది. అది రాసింది సలహాదారుకి. సలహాదారును బయట పెట్టి, అమ్మను లోపల పెట్టుకుని రాసింది. చదివింది మాత్రం నేను అమ్మగా. ఏడో తరగతి పిల్లలు ఈ తప్పు చేస్తే మోకాళ్ళ మీద నిలబెట్టను గానీ, పదిసార్లు రాయిస్తాను.

ఫిబ్రవరి 20, గురువారం

మొదట ఇది. చెల్లి ఏడ్చిందని రాశాను కదా పన్నెండో తేదీన. ఏడ్చింది. దుప్పటి పట్టుకుంది. కానీ సీటు వద్దని నేను ఉత్తరం రాసి డబ్బాలో వేసింది దానికి రెండు రోజుల ముందే. అది ఏడ్చేసరికి ఉత్తరం వెళ్ళిపోయింది. అమ్మ జ్వరం ఆ తర్వాత వచ్చింది. నన్ను ఎవరూ ఆపలేదు. నాన్న పెట్టె కొన్నాడు. నేను ఆ పెట్టె మూత లోపల నా పేరు రాసుకుని, రంగు ఆరేదాకా చూస్తూ కూర్చుని, అంత దూరంలో నా పేరు పిలిచేవాళ్ళు ఎవరుంటారని భయపడి, లేచి వెళ్ళి ఉత్తరం రాశాను. అంతే. ఇంకెవరూ లేరు అందులో. నా రూలు ప్రకారం చాలా శుభ్రమైన కారణం.

ఇవాళ మూడో పీరియడ్ తర్వాత అటెండరుతో చీటీ పంపాను, అందరికీ పంపినట్టే, రోల్ నంబరుతో. నాలుగింటికి కాలేజీ గదికి.

"లోపలికి రావచ్చా టీచర్?"

"కూర్చో."

కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. రెండు కాగితాలూ బల్ల మీద ఉన్నాయి.

"మొదటి కాగితం గురించి అడగాలి."

"రూలు ప్రకారం మార్చేశాను కదా టీచర్."

"మేమిద్దరం అంటే ఎవరు?"

"నేనూ మా అమ్మా."

తలెత్తకుండా చెప్పింది. నేనూ తలెత్తలేదు.

"మీ అమ్మతో మాట్లాడటం ఎప్పుడు ఆగిపోయింది?"

"ఎప్పుడని లేదు టీచర్. మా అమ్మ ప్రతిదానికీ కారణం అడుగుతుంది. చొక్కా కొనుక్కుంటానన్నా, ఎందుకు అంటుంది. చెప్తే, అది కారణం కాదు అంటుంది. పిన్ని అయితే రంగేంటి అంటుంది."

"అందుకని పిన్ని దగ్గర ఉంటావా?"

"హాస్టల్లో ఉంటాను టీచర్. పిన్ని గురక పెడుతుంది."

ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? పద్దెనిమిదేళ్ళు ఆ గురక పక్కన పడుకున్నాను. నవ్వు ఆపుకోవడానికి పెన్సిల్ అందుకున్నాను. అది పెన్సిల్ వైపు చూసింది.

"అంత దూరం వెళ్తే మీ అమ్మతో ఎలా మాట్లాడతావు?"

"ఫోన్లో. ఫోన్లో పెన్సిల్ ఉండదు."

మొదటి కాగితం తీసుకుని తిరగేసి నా ముందు పెట్టింది. నేను రాసిన అక్షరాలు వెనక వైపు పొడుచుకొచ్చి ఉన్నాయి. వేలితో తడిమితే తెలుస్తున్నాయి, గుడ్డివాళ్ళు చదువుకునే అక్షరాల్లా.

"మిగతావాళ్ళ కాగితాలు చూశాను టీచర్. వాటి మీద ఇంత గట్టిగా నొక్కలేదు."

బయట ఎవరో గంట కొట్టారు. అది ఆగేదాకా ఆగాను.

"మీ అమ్మకి కుళ్ళు" అన్నాను.

"ఎవరి మీద టీచర్?"

"ముందు మీ పిన్ని మీద." ఇంకా ఉంది. అది ఎదురుచూస్తోంది. "తర్వాత నీ మీద."

సంచి పట్టీ వేలికి చుట్టుకుంది, విప్పింది. "నా మీద ఎందుకు?"

"ఆ కిటికీలు కావాలని నువ్వు అనగలిగావు కదా."

"మా అమ్మని ఎవరు వద్దన్నారు టీచర్?"

"ఎవరూ వద్దనలేదు."

ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. గది గదిలాగే ఉంది. అర మీద పుస్తకాలు అలాగే ఉన్నాయి. అది మాత్రం నా వైపు సూటిగా చూసింది. ఎన్నాళ్ళయిందో అది నన్నలా చూసి.

"అయితే మీరు మా అమ్మతో ఒకసారి మాట్లాడండి టీచర్" అంది. వెక్కిరింపో జాలో తేల్చుకోలేకపోయాను. రెండూ అయి ఉంటాయి.

"రెండు కాగితాలూ తీసుకెళ్ళు. రేపు నాలుగు దాకా టైముంది. నీది ఏదైతే అది ఇవ్వు."

"మరి రూలు?"

"రూలు పెట్టింది నేనే."

బడి గేటు దాకా ముందూ వెనకగా నడిచాం. గేటు దాటాక, "అమ్మా, బస్సొస్తోంది, పరిగెత్తు" అంది. పరిగెత్తాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మూడింటికి ఇచ్చింది. మొదటి కాగితం.

పెన్సిల్ రాత చెరపబోయాను. నల్లదనం పోయింది, గాడి పోలేదు. వెలుతురులో వంచి చూస్తే "ఇంకో మనిషి" అన్నది ఇంకా కనబడుతోంది. దాని కిందే సంతకం పెట్టాను. మూడూ ఇరవైకి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

ఒకరికి చేసింది అందరికీ చేయాలి. మిగతా తొమ్మిది మందినీ పిలిచి, కావాలంటే మీ మనుషుల్ని మళ్ళీ పెట్టుకోవచ్చన్నాను. అయిదుగురు పెట్టుకున్నారు. జడల పిల్ల తల అడ్డంగా ఊపింది.

"వద్దు టీచర్. మేం కటీఫ్."

"ఎప్పటి నుంచి?"

"నిన్న లంచ్ నుంచి."

ఆయన షాపుకి వెళ్ళాను. దగ్గర చూపుకి అద్దాలు. ఫ్రేములు చూపిస్తూ, "పదేళ్ళు చిన్నగా కనిపించేది కావాలా, పదిళ్ళ అవతలికి కనిపించేది కావాలా?" అన్నారు. దగ్గరవి కనిపిస్తే చాలన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

కిటికీ గట్టు మీద గిన్నెలు. తడిగుడ్డలు. నీళ్ళు కారుతున్నాయి. తుడిచాను, నేనే, ఏమీ అనకుండా. తుడుస్తుంటే చూసింది.

కుళ్ళు పోయిందని రాయడానికి లేదు. చెల్లి ఫోన్ మోగితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగుతుంది.

జూన్ 29, ఆదివారం

రైలెక్కించి వచ్చాం. నా పెట్టె అడిగితే చెల్లి అటక మీద నుంచి తీసి తుడిచి పంపింది. మూత లోపల అది అంటించిన కాగితం ఊడిపోయి, కింద నా పేరు ఉంది. అమ్మాయి దాని పక్కనే తన పేరు రాసుకుంది. నా పేరు మీద ఏమీ అంటించలేదు.

జూలై 13, ఆదివారం

ఇవాళ ఫోన్లో ముప్పై నిమిషాలు. పోయిన వారం కంటే ఎక్కువ. హాస్టల్లో నీళ్ళు ఆరింటికే అయిపోతాయట. వృక్షశాస్త్రం మేడమ్ బోర్డుతోనే మాట్లాడుతుందట. కిటికీ దగ్గర చోటు కోసం ఏడున్నరకే వెళ్ళి నోట్సు పెట్టి వస్తోందట.

"కొత్త బకెట్ కొన్నానమ్మా."

ఎందుకు అని నోటి దాకా వచ్చింది. ఉన్నది ఏమైంది, నెల కూడా కాలేదు కదా అని.

"రంగేంటి?" అన్నాను.

లైన్ తెగిందేమో అనుకున్నాను.

"ఎరుపు" అంది. తర్వాత బకెట్ గురించే చాలాసేపు చెప్పింది. దాని పిడి గురించి, షాపువాడి గురించి, దాన్ని బస్సులో నెత్తిన బోర్లించుకుని తెచ్చిన సంగతి. వింటూ నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆఖర్న వెనకాల చెల్లి గొంతు, ఏదో అని నవ్వింది. ఇదీ నవ్వింది. ఏంటట అన్నాను.

"ఏం లేదులే. మేం బయటికెళ్తున్నాం అమ్మా. మళ్ళీ చేస్తాను."

మేం. గుచ్చుకుంది, ఎప్పటిలాగే, అదే చోట.

ఈసారి "మళ్ళీ" కూడా విన్నాను.